అందరికీ ఒకటే పుస్తకం

మా కాలేజీకి ఏటా ఒక జబ్బు చేస్తుంది. మా కాలేజీ అంటే నేను చదివింది కాదు, నేను దుప్పట్లు ఇస్త్రీ చేసేది. కొత్తగా చేరబోయే పిల్లలందరి చేతా ఒకటే పుస్తకం చదివిస్తారు. సెలవుల్లోనే పుస్తకం ఇంటికి పంపిస్తారు. కాలేజీ తెరిచాక గుంపులు గుంపులుగా కూర్చోబెట్టి దాని మీద మాట్లాడిస్తారు. ఆఖర్న రాసినవాళ్ళని పిలిపించి చప్పట్లు కొట్టి సాగనంపుతారు. ఏ ఏడు చూసినా ఒకటే వరస. మనం ఎవరం, ఎక్కణ్ణించి వచ్చాం, ఎవరికి అన్యాయం జరిగింది, ఎవరి నెత్తిన ఎవరు కూర్చున్నారు. చదవనీండి. అన్యాయం గురించి చదవొద్దని నేనెందుకంటాను? దాని గురించి గొంతు చించుకోవడమే కదా నా బతుకంతా. కానీ ఆ ఏడు ఆ పుస్తకం నేరుగా మా ఇంట్లోకొచ్చి తిష్ఠ వేసింది. ఎండాకాలం మధ్యలో మొదలై, వానలు గట్టిపడేసరికి ముగిసిన గొడవ ఇది.

ఆ పుస్తకాన్ని ఎంచడానికి ఒక కమిటీ ఉంటుంది. అందులో పనివాళ్ళ తరఫున ఒక మనిషి ఉండాలని యూనియన్ సెక్రటరీగా పట్టుబట్టింది నేనే. "అన్యాయం గురించి మీరు చదువుకోండి, మేం అనుభవిస్తాం అంటే కుదరదు, ఎంచే దగ్గర మేమూ కూర్చుంటాం" అని గేటు ముందు మీటింగు పెట్టాను. ఇచ్చారు. ఇచ్చి, ఇంత లావు పుస్తకాల కట్ట చేతిలో పెట్టి "ఇవన్నీ చదివి రండమ్మా" అన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో ఉడికే మనిషి ఎప్పుడు చదువుతుంది? అడగరు. వాళ్ళకి ఆ ప్రశ్నే పుట్టదు.

అయితే మా ఇస్త్రీ గదికి ఒక పద్ధతుంది. పెద్ద రోలరు మిషను దగ్గర ఇటు ఇద్దరం తడి దుప్పటి అందిస్తే అటు ఇద్దరు లాగి మడత పెడతారు. ఒకామె మాత్రం స్టూలు మీద కూర్చుని పైకి చదువుతుంది. ఆమె వంతు పని మిగతా అందరం పంచుకుంటాం. పేపరు, నవల, యూనియన్ కరపత్రం, ఏదయినా సరే. మేం పనిలో చేరకముందు నుంచీ ఉన్న అలవాటు. చదివే ఆమెని గొంతు అంటాం. అసలు పేరు జీతాల రోజు తప్ప ఎవరికీ గుర్తురాదు. రోలరు హోరు మీద కూడా ఆమె మాట గోడలకి తగిలి తిరిగొస్తుంది. ఆఖరి దుప్పటి మడత పడగానే ఠక్కున పుస్తకం మూసేస్తుంది.

ఆ ఎండల్లో కట్టంతా అలాగే చదివాం. మొదటి పుస్తకం ఎవరో పెద్దమనిషి రాసింది. "నేనెవరు, నా అస్తిత్వం ఎక్కడ" అంటూ పేజీల తరబడి వెతుక్కున్నాడు. అందరికంటే వయసులో పెద్దది, మేం పెద్దక్క అనే ఆవిడ, కాసేపు ఓపిక పట్టి "ఈయనెవరో తప్పిపోయినట్టున్నాడే, పోలీసు స్టేషనుకి పొమ్మనండి" అంది. ఆ పుస్తకం అక్కడితో సరి. తరవాతిది వ్యాసాలు. బాగానే ఉన్నాయని నాకనిపించింది కానీ, హోరులో సగం మాటలు పోతే ఇంకేం మిగుల్తుంది?

ఆ తరవాత వచ్చింది అసలుది. ఒకావిడ తన కథ తనే రాసుకుంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో వార్డులు తుడిచేది. రైలు సైడింగు పట్టాల పక్కన ఒంటిగది. తండ్రి జబ్బు, తల్లి చేతుల పుళ్ళు, బడిలో వెనక బెంచీ, మాస్టారి తిట్లు. గొంతు చదువుతూ చదువుతూ తనే ఆగిపోయింది. పెద్దక్క ముక్కు చీదింది. కన్నీళ్ళు రోలరు మీద పడి చుయ్యిమన్నాయి. ఒక దుప్పటి మాడింది కూడా. ఆ సాయంత్రం ఓటు పెడితే అన్ని చేతులూ లేచాయి.

కమిటీలో నేను యుద్ధమే చేశాను. సాహిత్యం చెప్పే మేడం ఆ వ్యాసాల పుస్తకం పెడదామంది. సన్నగా, నెమ్మదిగా, ప్రతి మాటకీ ముందే క్షమాపణ చెప్పుకున్నట్టు మాట్లాడుతుంది ఆవిడ.

"ఏడిపిస్తే మంచి పుస్తకం అయిపోతుందా అండీ?" అంది.

"మీకు ఏడుపు రాకపోతే అది పుస్తకం లోపం కాదు మేడం" అన్నాను. బల్ల గుద్దాను. నీళ్ళ గ్లాసు దొర్లింది. ప్రిన్సిపాల్ కాగితాలు తడవకుండా ఎత్తి పట్టుకుని "సరే సరే, అదే పెడదాం" అన్నాడు. ఇస్త్రీ గదికి తిరిగొస్తే చప్పట్లే చప్పట్లు. పనివాళ్ళు ఎంచిన పుస్తకం! నేల మీద నడిచానా నేను ఆ రోజు?

ఇంటికి ఒక ప్రతి వచ్చింది. నాకు కాదు, మా అమ్మాయికి. అది అదే కాలేజీలో చేరుతోంది ఆ ఏడు. రాళ్ళ గురించి చదువుతానంది. భూమి లోపలి రాళ్ళు, వాటి వయసు, అవి ఎలా కరిగాయో, ఎలా గడ్డకట్టాయో. చిన్నప్పట్నుంచీ దాని జేబుల్లో రాళ్ళే. ఉతికేముందు దులుపుకోవాల్సింది నేనే. మా ఆయన కాలేజీ బస్సు నడుపుతాడు. "నేను రోడ్డు మీద రాళ్ళు తప్పించుకుంటూ బతికాను, నువ్వు వాటి వెనకాలే పోతానంటావు, పో తల్లీ" అన్నాడు. ఆయనకి అన్నీ నవ్వులాటే. ఇంట్లో ఒకరు అరిచేవాళ్ళుంటే ఒకరు నవ్వేవాళ్ళుండాలట.

అమ్మాయి ఆ పుస్తకం కిటికీ దగ్గర కూర్చుని చదివింది. ఏడుస్తుందేమోనని వంటింట్లోంచి తొంగి చూస్తూనే ఉన్నాను. ఏడవలేదు. ఒకటి రెండుసార్లు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"బాగుండటం ఏమిటే? అంతేనా?"

"ఇంకా ఆలోచిస్తున్నా."

ఆలోచించడానికేముంది అందులో, అనుకున్నాను.

కాలేజీ తెరిచారు. వానలూ మొదలయ్యాయి. దుప్పట్లు ఆరక చస్తున్నాం. ఒక మధ్యాహ్నం మడతలన్నీ తోపుడు బండిలో పేర్చుకుని హాస్టలుకి తోసుకుపోతున్నాను. దారిలో ఆటల హాలు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కొత్త పిల్లలు మధ్యలో వరసగా నిలబడి ఉన్నారు. మేడం చేతిలో పుస్తకం, ఆ పుస్తకమే, పట్టుకుని ఒక్కొక్కటే చదువుతోంది.

"చిన్నప్పుడు మీకంటూ విడిగా గది ఉన్నవాళ్ళు ఒక అడుగు ముందుకి."

చాలామంది కదిలారు.

"అమ్మగానీ నాన్నగానీ కాలేజీలో చదివినవాళ్ళు ఒక అడుగు ముందుకి. ఖర్చుకి భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానుకున్న ఇల్లయితే ఒక అడుగు వెనక్కి."

ఇదేదో ఆట. నిజం చెప్పొద్దూ, బాగా పెట్టారే అనుకున్నాను. కొవ్వెక్కినవాళ్ళకి తాము ఎక్కడ నిలబడ్డారో తెలిసిరావాలి కదా. బండి ఆపుకుని చూస్తున్నాను. అప్పుడు కనిపించింది మా పిల్ల. ముందుకి రమ్మన్నప్పుడు కదలదు. వెనక్కి అన్నప్పుడల్లా వెళుతుంది. మిగతావాళ్ళు పక్కవాళ్ళని చూసి వేస్తున్నారు అడుగు, కొందరు అసలు వెయ్యనే లేదు. ఇది మాత్రం ప్రతిదానికీ నిజమే చెబుతోంది. ఒక్క అబద్ధం ఆడవే తల్లీ, ఎవరడిగారు నిన్ను, అని లోపల కొట్టుకున్నాను.

"ఇంట్లో ఎవరైనా ఇతరుల మురికి శుభ్రం చేసి బతికేవాళ్ళయితే ఒక అడుగు వెనక్కి."

దాని మడమ గోడకి తగిలింది. ఇంక వెనక్కి చోటు లేదు. ఏం చెయ్యాలన్నట్టు మేడం వైపు చూసింది.

"పరవాలేదమ్మా, అక్కడే ఉండు" అంది మేడం. "ఇప్పుడు అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి."

అందరూ తిరిగారు. హాలంతా దాన్నే చూసింది. అందరికంటే ముందున్న ఒక అమ్మాయి భోరున ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. మా పిల్ల చేతులు మాత్రం అలా కిందకే ఉండిపోయాయి, దర్జీ కొలతలు తీస్తుంటే నిలబడ్డట్టు. ఆ ఏడ్చే అమ్మాయి భుజం మీదుగా నన్ను చూసింది. తలుపు దగ్గర నన్నూ, నా బండినీ. కళ్ళు మూసుకుంది.

బండి తోసుకుంటూ వెళ్ళిపోయాను. ఏం చెయ్యను? లోపలికి దూరి ఇది నా కూతురని అరవనా? అది ఎలాంటి ఇంటి పిల్లో అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి తడి చెప్పులు విప్పి, "నేను రేపట్నుంచి కాలేజీకి వెళ్ళను" అంది. మామూలుగా, రేపు స్నానానికి వేడినీళ్ళు వద్దన్నంత మామూలుగా. "నాన్నా, టైల్స్ కొట్టులో బిల్లులు రాయడానికి మనిషి కావాలన్నావు కదా, అడుగు."

మా ఆయన చేతిలో టీ అలాగే ఉండిపోయింది. "రాళ్ళ చదువు మానేసి రాళ్ళ కొట్టుకా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

"ఎందుకు మానడం? సిగ్గేసిందా? ఇస్త్రీ చేసేదాని కూతురువని తెలిస్తే సిగ్గా నీకు?" నేను మొదలెట్టాను.

"సిగ్గయితే నేనూ ముందుకే అడుగేసేదాన్ని కదమ్మా. అన్నీ నిజమే చెప్పాను."

"మరి?"

"ఆ హాల్లోకి వెళ్ళేటప్పుడు నేను రాళ్ళు చదవడానికొచ్చిన పిల్లని. బయటికొచ్చేసరికి గోడ దగ్గర పిల్లని. నీ సంగతి, నాన్న సంగతి, మనింటి సంగతి నేను ఎవరికి చెప్పాలనుకుంటే వాళ్ళకి, చెప్పాలనుకున్నప్పుడు చెప్పుకునేదాన్ని. అడుగులేయించి చెప్పించారు. బయటికి రాగానే ఒకమ్మాయి తన గొడుగు ఇచ్చేసింది నాకు. ఉంచేసుకోమంది. నాకు గొడుగు ఉందమ్మా!"

మా ఆయనకి నవ్వొచ్చింది కానీ మింగేశాడు.

"ఆ మేడం సంగతి నేను చూస్తాను" అన్నాను.

"మేడం ఏం చేసింది? పుస్తకంలో ఉన్నదే చేయించింది." పుస్తకం తెచ్చి వెనక పేజీలు తెరిచి నా ముందు పడేసింది. కథ అయిపోయాక ఇంకా కొన్ని కాగితాలున్నాయి. చర్చకి ప్రశ్నలు. గుంపుతో చేయించవలసిన ఆటలు. ఆ అడుగుల ఆట, మాట పొల్లుపోకుండా, అచ్చయి ఉంది. "నువ్వు కొట్లాడి పెట్టించిన పుస్తకమే కదా. ఇది చూళ్ళేదా?"

చూళ్ళేదు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అందుకే మర్నాడు పొద్దున్నే గొంతు మీద పడ్డాను.

"వెనక పేజీలు ఎందుకు చదవలేదే నువ్వు?"

"ఏం వెనక పేజీలు? వాళ్ళమ్మ పోయింది, ఆమెకి ఉద్యోగం వచ్చింది, కథ అయిపోయింది. మన దుప్పట్లూ అయిపోయాయి. ఇంకేం చదవాలి, అట్ట మీద ధర కూడా చదవనా?"

"నా కూతురి ముందు నేను తల వంచుకోవాల్సి వచ్చిందా లేదా?"

"తల నీది, నోరూ నీదే. బల్ల గుద్దమని నేను చెప్పానా? ఎప్పుడైనా నువ్వు స్టూలెక్కి చదివావా? చెవులప్పగించి ఏడవడం తెలుసు, ఇప్పుడొచ్చి లెక్కలడుగుతోంది!"

"ఇద్దరూ నోళ్ళు ముయ్యండి" అంది పెద్దక్క. "పిల్ల మానేస్తానంటోందా? ఆ సంగతి చూడండి ముందు."

నేను ఏప్రన్ విప్పి గోడకి తగిలించి మేడం గదికి పోయాను. గదినిండా పుస్తకాలు, కుర్చీ మీద కూడా. నన్ను కూర్చోమనడానికి చోటు కోసం ఆవిడ అటూ ఇటూ కాగితాలు జరుపుతుంటే నేను నిలబడే మొదలుపెట్టాను.

"ఎద్దు పుండు కాకికి ముద్దని విన్నాను, కళ్ళారా చూసింది మాత్రం నిన్ననే మేడం. ఆ పిల్లని గోడకి ఆనించి అందరికీ చూపించారు. మీ వాళ్ళందరికీ మంచివాళ్ళం అయిపోయామని నిద్ర పట్టి ఉంటుంది రాత్రి. దానికి పట్టలేదు. చదువు మానేస్తానంటోంది."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఆ అమ్మాయి మీ..."

"నా కూతురే. గోడ దగ్గర ఉన్నప్పుడు తెలియలేదు కదా? తెలిస్తే ఏం చేసేవారు, వేరే పిల్లని పెట్టేవారా?"

"ఆ ఆట నాకూ నచ్చలేదండీ. కానీ పుస్తకంలో ఉంది, అన్ని గుంపులూ చెయ్యాలన్నారు. అసలు ఈ పుస్తకం..." ఆగిపోయింది. ఆ మిగతా సగం వాక్యం ఏమిటో నాకు తెలుసు. అనలేదు ఆవిడ. అని ఉంటే నాకు హాయిగా ఉండేది, పోట్లాడటానికి. అనకుండా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తిడదామని వెళ్ళినదాన్ని నా ఏప్రన్ లేకపోయిందే, తుడవడానికి ఏదైనా ఇద్దును కదా అని వెతుక్కోవలసి వచ్చింది. ఈ మెత్తటివాళ్ళతో ఇదే చావు. గుద్దితే లోపలికి పోతారు.

కళ్ళు తుడుచుకుని ఆవిడే అంది. "వచ్చేవారం రచయిత్రి వస్తున్నారు. ఆ రోజు మీ అమ్మాయి వేదిక మీద మాట్లాడితే? తన కథ తనే, తన మాటల్లో. ఎవరూ చెప్పించినట్టు కాకుండా."

నాకు ప్రాణం లేచొచ్చింది. మైకు! వేదిక! పిల్లలంతా, ప్రిన్సిపాల్, ఊళ్ళోవాళ్ళు! "అది మాట్లాడకపోతే నేను మాట్లాడతాను" అని చెప్పేసి వచ్చాను.

ఇంటికొచ్చేలోపల ఉపన్యాసం తయారు. అమ్మాయి నేల మీద కూర్చుని తన రాళ్ళన్నీ ఒక అట్టపెట్టెలోకి సర్దుతోంది. ఎవరికో ఇచ్చేయడానికి అన్నట్టు.

"విను" అన్నాను. "ఆ రోజు నువ్వు వేదికెక్కు. 'నేను గోడ దగ్గర పిల్లని' అనే మొదలుపెట్టు. దిమ్మ తిరగాలి ఒక్కొక్కడికి. తరవాత నేనెక్కుతాను. లాండ్రీలో ఆవిరి గొట్టం పగిలి..."

"అమ్మా."

"ఏంటి?"

"మేడం కూడా ఇదే అడిగిందా?"

"అడిగింది. అడగాలి మరి."

అది ఒక రాయి చేతిలో పట్టుకుని కాసేపు తిప్పింది. "మీ ఇద్దరికీ నేను కావాలమ్మా. ఆవిడకి ఏడవడానికి, నీకు అరవడానికి."

మా ఆయన బయట బూట్లు తుడుచుకుంటున్నాడు. బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

నేను చాలామందితో తలపడ్డాను. మేనేజర్లతో, పోలీసులతో, యూనియన్‌లోనే వెన్నుపోటుగాళ్ళతో. ఎవరి మాటకైనా ఎదురుమాట ఉండేది నా దగ్గర. "తిక్క మాటలు మాట్లాడకు, కాళ్ళు కడుక్కుని భోజనానికి రా" అన్నాను. అంతే అనగలిగాను. భోజనాల దగ్గర నీళ్ళు పోస్తూ నేనే అడిగాను, "సరే, ఏం చెయ్యమంటావు?"

"నేను రచయిత్రి సభకి వస్తాను. ఆ పుస్తకం మీద ఒకటి అడగాలి నాకు. కింద కూర్చుని, అందరిలాగే. నన్నెవరూ పరిచయం చెయ్యకూడదు. నువ్వు లేవకూడదు."

"ఆ తరవాత కాలేజీ?"

"ఆ తరవాత చూద్దాం."

చూద్దాం! నా కడుపున పుట్టి నాతోనే బేరం.

సభ రోజు కుండపోత. హాలంతా తడి గొడుగుల వాసన. నేను, గొంతు, పెద్దక్క వెనక వరసలో కూర్చున్నాం. మా ఆయన బస్సు పెట్టేసి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. రచయిత్రిని చూసి పెద్దక్క తెల్లబోయింది. "ఈవిడేనా? లావుగా ఉందేమే?" పుస్తకంలో ఎప్పుడూ ఆకలితోనే ఉంది కదా. ఆవిడ ఎర్రటి చొక్కా వేసుకుంది, బాగా అలిసిపోయి ఉంది. మేడం ఆవిడని పరిచయం చేసింది. నా వైపు ఒకసారి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. సరేనన్నట్టు కళ్ళు దించుకుంది. అమ్మాయిని పిలవొద్దని ముందురోజే చెప్పి మాట తీసుకున్నాను. ఏమాటకామాటే చెప్పాలి, మాట నిలబెట్టుకుంది ఆవిడ.

పిల్లలు లేచి లేచి అడిగారు. అన్నీ ఒకటే మూస. "మీ బాధ చదివి నేను మారిపోయాను. మావంటి వాళ్ళం ఏం చెయ్యాలి?" రచయిత్రి చెప్పిందే చెబుతోంది, బస్సులో టిక్కెట్లు కొట్టినట్టు. నాకు కుర్చీలో ముళ్ళున్నట్టుంది. ఒకడెవడో "మీ అమ్మగారి చేతుల పుళ్ళ గురించి ఇంకొంచెం చెబుతారా" అన్నాడు. నేను సగం లేచాను కూడా. పెద్దక్క నా కొంగు పట్టుకుని కిందకి లాగింది.

అప్పుడు మా పిల్ల లేచింది. హాలు మధ్యలోంచి. కొన్ని తలలు తిరిగాయి, గోడ దగ్గర పిల్ల అని గుర్తుపట్టి. ఏడుపుకి సిద్ధమైన మొహాలు కూడా కనబడ్డాయి నాకు.

"మీ తమ్ముడి గురించి అడగాలి" అంది. "మొదటి సగంలో ఉంటాడు. ఇన్‌స్పెక్టరులా నడిచి చూపిస్తాడు, మాస్టారిలా దగ్గుతాడు. చదువుతుంటే నవ్వొచ్చింది నాకు. సగం నుంచి ఎక్కడా లేడు. చనిపోయాడని కూడా లేదు. ఏమయ్యాడు?"

ఏ తమ్ముడు? నేను గొంతు వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. "చదివావా?" అన్నాను పెదాలతో. "చదివా, మీరే ఏడుపులో ఉన్నారు" అంది.

రచయిత్రి మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మొదటిసారి ఆవిడ కూర్చున్న తీరు మారింది.

"బతికే ఉన్నాడమ్మా. గడియారాలు బాగుచేస్తాడు. తీసేయమని వాడే అన్నాడు."

"ఎందుకు?"

"'నేను బానే ఉన్నాను కదా, నన్నెందుకు చదవడం వాళ్ళు?' అన్నాడు."

ఎవరో నవ్వారు. తరవాత ఇంకొందరు. ఆ నవ్వు ఆగేదాకా మా పిల్ల నిలబడే ఉంది.

"అయితే మొదటి సగంలోంచి కూడా తీసెయ్యాలి కదా" అంది. "వద్దన్న మనిషిని సగం ఉంచారు."

 మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రచయిత్రి మైకు కిందకి దించి, మళ్ళీ ఎత్తింది.

"తీసెయ్యాలి" అంది చివరికి. "తీసి చూశాను. వాడు లేకపోతే ఆ ఇల్లు మా ఇల్లులా లేదు. అందుకని దొంగతనంగా ఉంచేశాను. వాడింకా నాతో సరిగా మాట్లాడటం లేదు."

"సరే" అని కూర్చుంది మా పిల్ల. అంతే. థాంక్స్ కూడా చెప్పలేదు. వెనక్కి తిరిగిన తలల్లో ఏడుపు మొహం ఒక్కటీ మిగల్లేదు. పక్కన కూర్చున్న అబ్బాయి పుస్తకం తెరిచి "ఎక్కడ, ఏ పేజీ?" అని అడగడం కనిపించింది. అది పేజీ తిప్పి చూపించింది.

నా ఉపన్యాసం నా గొంతులోనే కుళ్ళింది. ఆవిరి గొట్టం సంగతి ఎవరికీ తెలియకుండా పోయింది. తరవాత గేటు మీటింగులో చెప్పానులెండి, అది వేరే.

మర్నాడు పొద్దున అమ్మాయి కాలేజీకి వెళ్ళింది. "వెళుతున్నా" అని కూడా అనలేదు. ఆ తరవాతి రోజూ వెళ్ళింది. టైల్స్ కొట్టువాడు మనిషేడీ అని మా ఆయన్ని అడిగితే, "మా అమ్మాయికి అతికించిన రాళ్ళు పనికిరావటండీ" అన్నాట్ట. ఇంట్లో మూసుకుని కూర్చున్న నవ్వు ఆయనకి మళ్ళీ వచ్చేసింది. నాకు మాత్రం రాలేదు, ఎందుకంటే అది నాతో ఇంకా లెక్క తేల్చలేదని నాకు తెలుసు.

తేల్చింది. వానలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఇస్త్రీ గదికే వచ్చింది, రోలరు ఆపే వేళకి.

"వచ్చే ఏటి పుస్తకానికి కమిటీలో స్టూడెంట్ల తరఫున ఒకరిని తీసుకుంటున్నారట. మా క్లాసువాళ్ళు నా పేరు ఇచ్చారు."

అందరూ ఓ అని అరిచారు. నేనే ముందు అరిచాను. "ఇంకేం! తల్లీకూతుళ్ళం ఇద్దరం కూర్చుంటే ఆ ప్రిన్సిపాల్ కాగితాలు రోజూ తడవాల్సిందే!"

"కూర్చోకూడదు" అంది. "ఒక ఇంటి నుంచి ఇద్దరు కూర్చోకూడదని రూలు. నువ్వు తప్పుకోవాలి."

చేతిలో మడత పెట్టిన దుప్పటి బండిలో పడేశాను.

"అది నేను కొట్లాడి తెచ్చుకున్న సీటే."

"తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నా. ఊరికే వచ్చిన సీటయితే మేడాన్ని అడిగేదాన్ని."

"పనివాళ్ళ సీటు పనివాళ్ళకే ఉండాలి."

"ఉంటుంది. పెద్దక్కని పంపండి."

"నన్నా?" అంది పెద్దక్క. "నేను నిద్రపోతాను అక్కడ."

"నిద్ర వచ్చే పుస్తకం ఏదో తెలుస్తుంది కదా పెద్దక్కా."

గొంతు విరగబడి నవ్వింది. నేను నవ్వలేదు. "నువ్వు ఏ పుస్తకం పెడతావు?" అని నిలదీశాను.

"చదివాక చెబుతా."

"ఇక్కడ చదివించి మా ఓటు తీసుకుంటావా, లేదా?"

"తీసుకుంటా. వెనక పేజీలతో సహా చదివిస్తా. మీ ఓటు అక్కడ చెబుతా." తలుపు దగ్గర గొడుగు తెరుస్తూ అంది, "నా ఓటు మాత్రం నేనేస్తా."

ఎవరు నేర్పారు దీనికి ఈ మాటలు? మా ఆయన్ని అడిగితే "నన్ను చూడకు, నాకు బస్సు నడపడం తప్ప ఏం తెలీదు" అన్నాడు. ఒక రోజంతా మండిపడ్డాను. రెండో రోజు యూనియన్‌లో పెద్దక్క పేరు పెట్టి నెగ్గించాను. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తప్పుకుంటున్నానని ప్రిన్సిపాల్‌కి చెబితే ఆయన మొహంలో కనిపించిన ఆనందం చూసి మళ్ళీ మనసు మార్చుకుందామా అనిపించింది.

కొత్త కమిటీ కూర్చున్న రోజు మేం దుప్పట్లతో సతమతమవుతున్నాం. పెద్దక్క లేదు, గొంతు స్టూలు దిగి ఆవిడ చోట నిలబడింది. కమిటీ గది సరిగ్గా మా పైనే, కిటికీలు తెరిచి ఉన్నాయి. ఒక్కసారిగా పైనుంచి గొడవ వినిపించింది. మేడం గొంతు సన్నగా, ప్రిన్సిపాల్‌ది బొంగురుగా, వాటిని తొక్కేస్తూ ఇంకొక లేత గొంతు. మాటలు తెలియలేదు. బల్ల మీద చెయ్యి పడ్డ చప్పుడు మాత్రం తెలిసింది.

"ఎవరే అంతలా అరుస్తున్నారు?" అంది గొంతు, పైకి చూస్తూ.

"ఎవరైతే మనకెందుకు? దుప్పటి లాగవే, మాడుతోంది" అన్నాను.

నేను మాత్రం తరవాతి దుప్పటి అందించకుండా, చెవులు పైకే పెట్టి నిలబడ్డాను.